ఆక్సిజన్ రక్తంలోకి దానంతటదే వెళితే, చెరువుకి ఏరేటర్లు ఎందుకు? ఆగస్ట్ క్రోగ్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

ఆకివీడు అమ్మాయి:

అందరికీ నమస్కారం. నేను ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే వారం ఫిజియాలజీ సెమినార్‌లో పది నిమిషాలు మాట్లాడాలి. మేడమ్ నాకిచ్చిన పేరు ఆగస్ట్ క్రోగ్. మా పుస్తకంలో ఆయన గురించి రెండు వాక్యాలే ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ విసరణ వల్లే రక్తంలోకి వెళుతుందని నిరూపించాడు, 1920లో నోబెల్ వచ్చింది. ఈ రెండు వాక్యాలతో పది నిమిషాలు ఎలా మాట్లాడాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకి ఇదే చెప్పాను. మాకు ఆకివీడు దగ్గర నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువు ఉంది. "ఆక్సిజన్ ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకి దానంతటదే పోతుంది నాన్నా, ఎవరూ తొయ్యక్కర్లేదు" అన్నాను. నాన్న అప్పుడు ఏరేటర్ల స్టార్టర్ దగ్గర ఉన్నారు. "చెరువు మీద ఇంత గాలి ఉంది కదమ్మా, దానంతటదే దిగేటట్టయితే ఇవన్నీ రాత్రంతా తిప్పడం ఎందుకు?" అని అడిగారు. నాకు జవాబు రాలేదు.

ఇంకో రెండు సందేహాలు. ఇంత మామూలు విషయం నిరూపించడంలో గొప్ప ఏముంది? మా నానమ్మ రోజూ వేసుకునే ఇన్సులిన్‌కీ క్రోగ్‌కీ ఏదో సంబంధం ఉందని ఎక్కడో చూశాను, ఆ క్రోగ్ ఈయనేనా?

అమలాపురం మాస్టారు:

అమ్మా, ముందు మీ నాన్నగారి ప్రశ్నకి జవాబు చెప్తాను. సెమినార్ కూడా నువ్వు అక్కడే మొదలుపెట్టాలని నా కోరిక. ముప్పై ఒక్క ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. నా పాఠంలోనూ క్రోగ్‌కి చాలా కాలం రెండు వాక్యాలే దక్కాయి. తర్వాత ఆయన్ని వెతుక్కుని ఎందుకు చదివానో కింద రాస్తాను.

నువ్వు చెప్పింది నిజమే, విసరణ దానంతటదే జరుగుతుంది. కాకపోతే దానికి దూరం పనికిరాదు. దూరం పది రెట్లు పెరిగితే పట్టే సమయం వంద రెట్లు పెరుగుతుంది. కాగితం తీసుకుని లెక్క వేసి చూడు. వాయుకోశంలో, అంటే ఊపిరితిత్తిలోని చిన్న గాలి సంచిలో, గాలికీ రక్తానికీ మధ్య ఉన్న గోడ మందం అర మైక్రాన్ అనుకో, అంటే మిల్లీమీటరులో రెండు వేలో వంతు. నీటిలో ఆక్సిజన్ కదిలే వేగంతో ఆ గోడ దాటడానికి సెకనులో పదివేలో వంతు కూడా పట్టదు. అదే ఒక మిల్లీమీటరు నీరు దాటాలంటే నాలుగు నిమిషాల దాకా పడుతుంది. ఒక సెంటీమీటరుకి ఆరేడు గంటలు. మీ చెరువు ఐదడుగుల లోతు ఉండి, నీళ్ళు ఏమాత్రం కదలకుండా ఉంటే, పైనున్న ఆక్సిజన్ అడుక్కి చేరడానికి పదిహేనేళ్ళు పైనే కావాలి. పంట ఉండేదేమో మూడు నాలుగు నెలలు.

ఏరేటర్ రెక్క నీటిని తుంపరలుగా కొట్టి గాలికి తగిలిస్తుంది. తగిలిన నీటిని కిందికి తిప్పుతుంది. అంటే విసరణకి మిగిలే దూరాన్ని చిన్నది చేస్తుంది. మన ఒంట్లో ఛాతీ గాలిని తిప్పుతుంది, గుండె రక్తాన్ని తిప్పుతుంది, మధ్యలో ఆ సన్నటి గోడ ఒక్కటే విసరణకి మిగులుతుంది. ఆ గోడ మొత్తం పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. మన లెక్కలో సెంటున్నర పైనే. మనిషి ఛాతీలో సెంటున్నర నేల మడత పెట్టి ఉందన్నమాట.

ఇక నిరూపించడంలో గొప్ప ఏముందన్నావు. క్రోగ్ కాలంలో అది మామూలు విషయం కాదమ్మా. ఆయన గురువే ఒప్పుకోలేదు.

గురువు పేరు క్రిస్టియన్ బోర్, కోపెన్‌హాగెన్‌లో ఫిజియాలజీ ప్రొఫెసర్. అణువు నమూనా చెప్పిన నీల్స్ బోర్‌కి తండ్రి. బోర్ ఏ ఆధారమూ లేకుండా పట్టుబట్టిన మనిషి కాదు. ఆయన చేపల్లో గాలితిత్తి మీద పనిచేశాడు. అంతర్వేది రేవులో కచిడి చేప దొరికితే పొట్టలో తిత్తి కోసమే అంత ధర పెడతారు చూడు, ఆ తిత్తే. సముద్రపు లోతుల్లో ఉండే చేపల తిత్తిలో ఆక్సిజన్, చుట్టూ నీళ్ళలో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పీడనంలో ఉంటుంది. విసరణతో అది సాధ్యం కాదు. శరీరమే పనిచేసి ఆక్సిజన్‌ని అందులోకి స్రవిస్తుంది, నోట్లో లాలాజలం ఊరినట్టు. బోర్ దాన్ని కాడ్ చేపల్లో చూపించాడు, అది ఇప్పటికీ నిజమే. ఊపిరితిత్తికీ ఆ తిత్తికీ పుట్టుకలో చుట్టరికం ఉంది కాబట్టి ఊపిరితిత్తీ అలాగే చేస్తుందని ఆయన అనుకున్నాడు. కుక్కల మీద కొలిస్తే కొన్నిసార్లు ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం, ఊపిరితిత్తుల గాలిలో ఉన్నదానికంటే ఎక్కువగా వచ్చింది కూడా. ఇంగ్లండులో జాన్ స్కాట్ హాల్డేన్ లాంటి పెద్ద ఫిజియాలజిస్టు సైతం ఇటే ఉన్నాడు. అంటే ఆ రోజుల్లో తెలివైనవాళ్ళు నమ్మింది స్రావాన్ని.

క్రోగ్ డెన్మార్క్‌లో గ్రెనా అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో 1874లో పుట్టాడు. ఓడలు కట్టే ఇల్లు. వైద్యం చదవడానికి చేరి జువాలజీలోకి మారాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే దోమ జాతికి దగ్గరి ఒక పురుగు పిల్లల్ని పట్టుకున్నాడు. నీళ్ళలో తేలడానికి వాటి ఒంట్లో సన్నటి గాలి సంచులు ఉంటాయి. కంటికి అద్దంలా కనబడే ఆ పిల్లల్లోంచి అంత చిన్న గాలిని తీసి, అందులో ఏముందో కొలవాలి. ఆ పట్టుదలలోంచే ఆయన చేతికి బుడగని కొలిచే విద్య వచ్చింది. తర్వాత బోర్ దగ్గర సహాయకుడిగా చేరి కప్ప ఊపిరి మీద థీసిస్ రాశాడు. కప్పకి ఆక్సిజన్ ఎక్కువగా ఊపిరితిత్తుల్లోంచి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా చర్మంలోంచి పోతుందని చూపించాడు. కప్పని బల్ల మీద పెట్టి ఆ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు దాని తడి చర్మాన్ని వేలితో తాకి చూసేవాళ్ళు.

ఇప్పుడు ఆ బుడగ గురించి కాస్త వివరంగా రాస్తాను. సెమినార్‌లో దీనికి మూడు నిమిషాలైనా కేటాయించు. క్రోగ్ కట్టిన పరికరంలో ధమని నుంచి వచ్చే రక్తం చిన్న గాజు గదిలోంచి పారుతూ ఉంటుంది. ఆ రక్తానికి తగిలేలా ఒక గాలి బుడగ, రెండు మిల్లీమీటర్ల ప్రాంతం, మెంతి గింజ కన్నా చిన్నది. కొద్ది నిమిషాల్లో బుడగలోని వాయువులూ రక్తంలోని వాయువులూ సమం అవుతాయి. బుడగ చిన్నది కాబట్టి త్వరగా సమం అవుతుంది, అదే కిటుకు. పెద్ద గాలి వాడితే అది సమం అయ్యేలోపు రక్తం మారిపోతుంది. తర్వాత ఆ బుడగని వెంట్రుకంత సన్నటి గాజు గొట్టంలోకి లాగుతాడు. అక్కడ అది చిన్న గీతలా నిలబడుతుంది. ఆ గీత పొడవు కొలుస్తాడు. పొటాష్ ద్రావణం తగిలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి గీత కొంచెం కురచ అవుతుంది, మళ్ళీ కొలుస్తాడు. పైరోగాలాల్ తగిలిస్తే ఆక్సిజన్ పోయి ఇంకా కురచ అవుతుంది, మళ్ళీ కొలుస్తాడు. ఎంత కురచ అయిందో అంతే ఆక్సిజన్.

ఎప్పుడు కొలిచినా ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం ఊపిరితిత్తుల గాలిలో కన్నా కాస్త తక్కువే వచ్చింది. ఎక్కువ రాలేదు. తక్కువగా ఉంటే చాలు, విసరణ సరిపోతుంది, స్రావం అక్కర్లేదు. గురువుగారి పద్ధతిలో ఉన్న లోపమే ఆయనకి ఆ ఎక్కువ అంకెల్ని చూపించింది.

ఇక్కడ నాకు క్రోగ్ మీద గౌరవం రెండింతలవుతుంది. అన్నం పెట్టిన ల్యాబు అది, బోర్ చేతి మీదుగానే పైకి వచ్చాడు. ఒక చిన్న కాగితం అచ్చేసి ఊరుకోలేదు, అలాగని దాచిపెట్టలేదు. సందేహానికి చోటు లేకుండా అయ్యేదాకా ఏళ్ళ తరబడి కొలిచి 1910లో ఒకేసారి ఏడు వ్యాసాలు ప్రచురించాడు. భార్యాభర్తలిద్దరూ వాటిని "ఏడు చిట్టి దయ్యాలు" అని పిలుచుకునేవాళ్ళు. ఆ వ్యాసాల్లోనే బోర్‌కి తను ఋణపడి ఉన్నానని గౌరవంగా రాసుకున్నాడు. మరుసటి ఏడు, 1911లో, బోర్ పోయాడు.

నేను ఆయన్ని వెతుక్కుని చదవడానికి కారణం మా చెరువు. 1993లో మా బావగారూ నేనూ కలిసి ఉప్పలగుప్తం వైపు మూడెకరాలు లీజుకి తీసుకుని టైగర్ రొయ్య వేశాం. ఇప్పటిలా ఏరేటర్లు లేవు, నీళ్ళు మార్చడానికి డీజిల్ ఇంజను ఒక్కటే. అక్టోబరులో రెండు రోజులు మబ్బు పట్టింది. నీళ్ళు ఆకుపచ్చగా, చూడ్డానికి బాగా ఉన్నాయి. "రంగు బాగుంది బావా, భయం లేదు" అన్నది నేనే. తెల్లారుజామున కాపలా అబ్బాయి సైకిలు మీద వచ్చాడు. వెళ్ళేసరికి రొయ్యలన్నీ గట్టు అంచుకి చేరి ఉన్నాయి, చేత్తో తీసినా పారిపోవడం లేదు.

మా కాలేజీ ల్యాబులో నీటిలో ఆక్సిజన్ కొలిచే సీసాలూ మందులూ అన్నీ ఉన్నాయి. ఏటా పిల్లల చేత చేయించేవాడిని. ఆ పొద్దున సీసా తెచ్చి చెరువు నీళ్ళు పట్టాను. మాంగనీసు సల్ఫేటు, ఆల్కలైన్ అయొడైడు వేస్తే ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఆ సీసాలో తెల్లగా దిగింది. గట్టు మీద ఊపాను, పెట్టాను, మళ్ళీ ఊపాను. తెల్లగానే ఉండిపోయింది. ముందు రోజు సాయంత్రం ఒక్క సీసా పట్టి ఉంటే రాత్రికి ఇంజను పెట్టి నీళ్ళు మార్చేవాళ్ళం. మా బావగారు ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ. ఆ తర్వాతి వేసవి సెలవుల్లో కూర్చుని ఊపిరిని కొలిచినవాళ్ళ గురించి చదవడం మొదలుపెట్టాను. అక్కడ దొరికాడు క్రోగ్.

ఇన్సులిన్ సంగతి రేపు రాస్తాను తల్లీ, అది కూడా ఈ క్రోగే.

కాళ్ళ రైతు:

మాస్టారూ, మాది కాళ్ళ ఊరండి. చదువుతుంటే మా నాన్నగారి టైగర్ రోజులు గుర్తొచ్చాయండి. లెక్క బాగా చెప్పారు. ఒక మాట కలుపుతాను, తప్పయితే దిద్దండి. చెరువులో పగలు ఉండే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం పైగాలి నుంచి రాదు, నీళ్ళలోని ప్లాంక్టన్, అంటే నీటికి పచ్చరంగు ఇచ్చే కంటికి కనబడనంత చిన్న నాచు, ఎండకి తయారు చేసేదే. అందుకే మధ్యాహ్నం ఆక్సిజన్ మీటరు పెడితే లీటరుకి 8, 9 మిల్లీగ్రాములు కూడా చూపిస్తుంది. పొద్దు గూకాక అదే ప్లాంక్టన్ తయారుచెయ్యడం మానేసి రొయ్యతో పాటు తనూ పీల్చడం మొదలుపెడుతుంది. అడుగున మిగిలిన మేత, మడ్డి కూడా లాగేస్తాయి. అందుకే తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య అన్నిటికన్నా తక్కువ. మీ చెరువు రంగు బాగుంది అన్నారు కదా, ఆ పచ్చదనమే రెండు మబ్బు రోజుల తర్వాత శత్రువైంది.

చెల్లెమ్మా, నాన్నగారికి చెప్పు, 4 మీద ఉంటే నాకు ధైర్యం. 3 కిందికి వస్తే ఆ పూట మేత ఆపేస్తాను. వేడి నీటిలో, ఉప్పు నీటిలో ఆక్సిజన్ పట్టేదే తక్కువ. 30 డిగ్రీల మంచినీటిలో గాలితో సమం అయితే లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములు, ఉప్పు పెరిగే కొద్దీ అదీ తగ్గుతుంది. పైన గాలిలో లీటరుకి దాని మీద ముప్పై రెట్లు పైనే ఉంటుంది. నీళ్ళలో బతకడం అంత కష్టం మరి. కొరమీను, మార్పు లాంటి చేపలు ఎందుకు పైకొచ్చి గాలి మింగి వెళతాయో ఇప్పుడు అర్థమవుతోంది.

రాజమండ్రి లంగ్ ల్యాబ్ టెక్నీషియన్:

మాస్టారు "భార్యాభర్తలిద్దరూ" అని ఒక్క మాటలో దాటేశారు, ఆవిడ గురించి నేను చెప్పాలి. నేను పదకొండేళ్ళుగా ఊపిరితిత్తుల పరీక్షలు చేస్తున్నాను. రోజూ నేను చేసే ఒక పరీక్ష ఆవిడ పెట్టిన పద్ధతి నుంచి వచ్చిందే.

పేరు మేరీ క్రోగ్. పెళ్ళి నాటికి వైద్య విద్యార్థిని, 1905లో పెళ్ళయింది, తర్వాత డాక్టరయింది. 1908లో ఇద్దరూ గ్రీన్‌లాండ్ వెళ్ళి, మాంసమే తిని బతికే అక్కడి మనుషుల శరీరం ఆ తిండిని ఎలా వాడుకుంటుందో కొలిచారు. విసరణ సరిపోతుంది అని భర్త అన్నాడు. సరే, ఒక మనిషి ఊపిరితిత్తి నిమిషానికి ఎంత దాటించగలదు, కష్టపడి పనిచేసేటప్పుడు కూడా అది చాలుతుందా అన్నది మిగిలిన ప్రశ్న. దాన్ని మేరీ కొలిచింది. 1915లో ఆ వ్యాసం వచ్చింది.

పేషెంటు ముందు గాలి మొత్తం వదిలేయాలి. తర్వాత అతి కొద్దిగా కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలి ఒక్కసారిగా నిండుగా పీల్చి పది సెకన్లు బిగపట్టాలి. వదిలిన గాలిలో ఆ వాయువు ఎంత తగ్గిందో చూస్తాం. లోపల ముందే ఉన్న గాలితో కలిసి పలచబడినది లెక్కలోంచి తీసేస్తే, మిగతా తగ్గినదంతా గోడ దాటి రక్తంలోకి వెళ్ళినట్టు. అదే వాయువు ఎందుకంటే హిమోగ్లోబిన్ దాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది, వెనక్కి రానివ్వదు, కాబట్టి లెక్క తేలిక. ఇంత కొద్ది మోతాదుకి ప్రమాదం లేదు.

పోయిన నెల రైస్ మిల్లులో ఇరవై ఏళ్ళు పనిచేసిన పెద్దాయన ఒకరు వచ్చారు. మామూలు ఊదుడు పరీక్షలో అంకెలు మరీ పాడుగా లేవు. మెట్లెక్కితే మాత్రం ఆయాసం. ఈ పరీక్ష చేస్తే ఉండాల్సిన దాంట్లో సగం కూడా రాలేదు. గాలి లోపలికి వెళుతోంది కానీ ఆ సన్నటి గోడ మందం అయిపోయింది. "బిగపట్టండి తాతగారూ, ఇంకా మూడు, ఇంకా రెండు" అని లెక్కపెడుతుంటే ఆయన నా వేలు పట్టుకున్నారు. గోడ మందం పెరిగితే ఏమవుతుందో మాస్టారి లెక్కలో చూశారు కదా. చెల్లీ, సెమినార్‌లో మేరీ పేరు తప్పకుండా చెప్పు. భర్తకి సహాయం చేసిందని మాత్రం చెప్పొద్దు, సొంతంగా చేసింది.

ఆకివీడు అమ్మాయి:

మాస్టారూ, అన్నయ్యా, అక్కా, చాలా థాంక్స్. పదిహేనేళ్ళ లెక్క నేను మళ్ళీ వేసి చూశాను, సరిగ్గా వచ్చింది. నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. తెల్లగా మిగిలిన సీసా దగ్గర నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మనకీ ఒకసారి అలా అయింది, నువ్వు చిన్నదానివి అన్నారు. నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

నేను రాసుకున్నదాంట్లో "విసరణ కనిపెట్టినందుకు నోబెల్" అని ఉంది. సరేనా? ఇన్సులిన్ గురించి కూడా చెప్పండి మాస్టారూ.

అమలాపురం మాస్టారు:

లంగ్ ల్యాబ్ అమ్మాయికి నా ధన్యవాదాలు. ఆవిడ గురించి నేనే ముందు రాసి ఉండాల్సింది. కాళ్ళ రైతుగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. మా చెరువు పోవడానికి కారణం అదే.

నోబెల్ మాట సరిదిద్దుకో తల్లీ. 1920లో ఇచ్చింది కేశనాళికల, అంటే అతి సన్నటి రక్తనాళాల, మీద చేసిన పనికి. కండరం పనిచేసేటప్పుడు దానికి కావాల్సిన ఆక్సిజన్ ఎన్నో రెట్లు పెరుగుతుంది, అది ఎలా అందుతుందన్నది ప్రశ్న. దాళ్వా పంటకి నీళ్ళు తక్కువైనప్పుడు కాలవలకి వంతులవారీగా వదులుతారు కదా, అవసరం పెరిగితే అన్ని బోదెలూ తెరుస్తారు. కండరంలోనూ అలాగే, విశ్రాంతిలో కొన్ని కేశనాళికలే తెరిచి ఉంటాయని, పనిలో మూసి ఉన్నవీ తెరుచుకుంటాయని క్రోగ్ చెప్పాడు. జంతువుల రక్తంలోకి ఇండియా ఇంకు ఎక్కించి, కండరాన్ని అడ్డంగా కోసి, నల్లబడినవాటిని సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టాడు. కప్ప నాలుకలో అవి తెరుచుకోవడం, మూసుకోవడం కళ్ళారా చూశాడు. ఒక్కో నాళిక చుట్టూ ఎంత కండరానికి ఆక్సిజన్ అందగలదో, ఒక బోదె కింద ఎంత ఆయకట్టు తడుస్తుందో చూసినట్టు లెక్క కావాల్సి వచ్చింది. దానికి సూత్రం కట్టి ఇచ్చింది కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసే ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు. 1919లో అచ్చయిన ఆ లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. వంతుల సంగతి మాత్రం తర్వాత కొంత మారింది. విశ్రాంతిలో కూడా చాలా నాళికల్లో రక్తం కదులుతూనే ఉంటుందని ఇప్పటి పరిశోధకులు చూపించారు. మేడమ్ అడిగితే అది కూడా చెప్పు, క్రోగ్‌కి అందులో అవమానం ఏమీ లేదు.

ఇక ఇన్సులిన్. నోబెల్ వచ్చిన రెండేళ్ళకి, 1922లో, క్రోగ్‌ని అమెరికాలో ఉపన్యాసాలకి పిలిచారు. మేరీకి అప్పటికే షుగరు ఉంది. టొరంటోలో కొత్త మందు కనిపెట్టారని అక్కడ విన్నారు. తను డాక్టరు, షుగరు పేషెంటు, తన దగ్గరికి వచ్చే షుగరు రోగుల్ని చూస్తున్న మనిషి కూడా. టొరంటో వెళ్ళి తీరాలని భర్త మీద పట్టుబట్టింది ఆవిడే. నవంబరులో క్రోగ్ వెళ్ళి ప్రొఫెసర్ మాక్లియోడ్ దగ్గర ఉండి, తయారీ చూసి, స్కాండినేవియా దేశాల్లో చేసుకోవడానికి అనుమతి తెచ్చుకున్నాడు. డిసెంబరులో ఇంటికొచ్చారు. మేరీకి వైద్యం చేస్తున్న డాక్టర్ హాగెడోర్న్‌తో కలిసి ఆ నెలలోనే పశువుల క్లోమం నుంచి ఇన్సులిన్ తీశాడు. 1923 మార్చిలో మొదటి రోగులకి వేశారు. అలా మొదలైన నార్డిస్క్ సంస్థే 1989లో నోవో అనే సంస్థతో కలిసి నోవో నార్డిస్క్ అయింది. మీ నానమ్మగారి డబ్బా మీద ఆ పేరు ఉందేమో చూడు. ఇన్సులిన్ కనిపెట్టినందుకు టొరంటోలోని బాంటింగ్, మాక్లియోడ్‌లకి నోబెల్ ఇవ్వమని రాసినవాళ్ళలో క్రోగ్ ఒకడు. మేరీ 1943 దాకా బతికింది.

మా ఆవిడకి 1994 నుంచి ఇన్సులిన్. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు మేము అమలాపురంలోనే ఉన్నాం. కొబ్బరి చెట్లు రోడ్ల మీద, కరెంటు స్తంభాలు చేలల్లో పడి ఉన్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లో రెండు సీసాలు. అప్పట్లో నలభై యూనిట్ల సీసాలు, పొట్టిగా, రబ్బరు మూతతో. మా అమ్మ పెద్ద కుండలో గోదావరి ఇసుక పోసి తడిపి, అందులో చిన్న మట్టి ముంత దించి, సీసాలు గుడ్డలో చుట్టి ముంతలో పెట్టింది. పైన తడి గోనె. ఇసుక ఆరకుండా పూటకోసారి నీళ్ళు చల్లడం నా పని. ప్రతి పొద్దునా సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఎక్కడైనా తరకలు కట్టిందేమో చూసి అప్పుడు వేసేవాడిని. ఆ కుండ ఇప్పటికీ మా పెరట్లో ఉంది.

ఆకివీడు అమ్మాయి:

సెమినార్ నిన్న అయిపోయింది. పది నిమిషాలని పంతొమ్మిది నిమిషాలు మాట్లాడాను, మేడమ్ ఆపలేదు. బుడగ బొమ్మ బోర్డు మీద వేసి, గొట్టంలో గీత మూడుసార్లు చూపించాను. రైస్ మిల్లు తాతగారి గురించి చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దం అయిపోయింది. ఆవిడ పేరు మేరీ అని బోర్డు మీద పెద్దగా రాశాను అక్కా.

నానమ్మ డబ్బా మీద ఆ పేరే ఉంది.

రాత్రి బస్సుకి ఇంటికి వచ్చాను. ఈ తెల్లవారుజామున నాలుగింటికి నాన్న నన్ను లేపి టార్చిలైటు, మీటరు పట్టుకుని చెరువు మీదికి తీసుకెళ్ళారు. ఏరేటర్ దగ్గర 4.1 ఉంది. రెక్కల నీళ్ళు తిరగని ఈశాన్యం మూలకి వెళ్ళి, కర్రకి కట్టి అడుగున దించితే 2.8. నాన్న మళ్ళీ దించమన్నారు. మళ్ళీ 2.8. ఇన్నాళ్ళూ గట్టు పక్కన పైపైనే చూస్తున్నాం. ఒక ఏరేటర్‌ని ఈ రోజు ఆ మూలకి జరుపుతున్నారు. మధ్యాహ్నం రెండింటికీ రేపు నాలుగింటికీ అదే చోట మళ్ళీ కొలిచి అంకెలు ఇక్కడ పెడతాను.